గేటు రాజమ్మ పగ

పంజాగుట్టలోని ఆ గల్లీకి వెళ్ళి రాజమ్మ ఎవరని అడిగితే, ఏ రాజమ్మ అని ఎదురు అడుగుతారు. గేటు రాజమ్మ అంటే మాత్రం వెంటనే చెబుతారు. గేటు తీసి పెట్టి, చివరింటి వాళ్ళ కుక్కను పోగొట్టిన మనిషి. పదకొండేళ్ళు నాలుగిళ్ళలో వంట చేసి, అంట్లు తోమి, ఒక్క గాజు గ్లాసు పగలగొట్టని మనిషికి చివరికి మిగిలిన బిరుదు అది. ఇచ్చింది చివరింటి వసుమతి. ఎందుకిచ్చిందో తెలియడానికి రాజమ్మకు అయిదు నెలలు పట్టింది. తెలిసిన రోజు నుంచి ఆమె కడుపులో మంట ఆరలేదు. ఆరాలని ఆమె కోరుకోనూ లేదు.

వసుమతిది రెండంతస్తుల ఇల్లు. భర్త బుచ్చిబాబుకు లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో పెద్ద హోదా. ఇంట్లో మాత్రం ఆయన నోరు విప్పేది భోజనానికే. ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద హోదా కాజూది. జీడిపప్పు రంగు లాబ్రడార్ కుక్క. ఏటా దాని పుట్టినరోజుకు కేకు కోసి గల్లీ అంతా పంచేవారు. "మూగజీవాన్ని ప్రేమించలేనివాళ్ళు మనుషుల్నేం ప్రేమిస్తారండీ" అని వసుమతి ఎదురింటి ధాత్రికి క్లాసు పీకేది. ఆ మూగజీవానికి అన్నం కలిపేది, స్నానం చేయించేది, పొద్దున్నే గల్లీలో తిప్పేది, ఒళ్ళు వేడెక్కితే పక్కన కూర్చునేది రాజమ్మ. ఫోటోలు దిగేది వసుమతి.

కుక్కకు ఎనిమిదేళ్ళు నిండాయి. వెనక కాళ్ళ కీళ్ళు అరిగి, పడుకున్న చోటి నుంచి లేవడానికి తంటాలు పడేది. అదే ఏడు ఇంట్లో తెల్లటి పాలరాయి వేయించారు. దాని మీద కాళ్ళు నిలవక, వాకిలి దాకా వెళ్ళలేక, కాజూ రెండు మూడుసార్లు హాల్లోనే తడిపేసింది. వసుమతి ముఖం చిట్లించుకోవడం రాజమ్మ చూసింది. చూసి, గుడ్డ తెచ్చి తుడిచింది. అంతకు మించి ఆలోచించలేదు. అదే ఆమె చేసిన తప్పు.

జూన్ పద్నాలుగు, శనివారం. "రాజమ్మా, అమీర్‌పేట మార్కెట్‌కి వెళ్ళి మంచి గోంగూర పట్రా" అంది వసుమతి. గల్లీ మొదట్లో బండి మీద గోంగూర దొరుకుతుంటే అంత దూరం ఎందుకని రాజమ్మకు తట్టలేదు. గంటన్నర తర్వాత సంచీతో వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వసుమతి మెట్ల మీద కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. చుట్టూ గల్లీ ఆడవాళ్ళు.

"గడియ వేసి వెళ్ళావా లేదా? నిజం చెప్పు రాజమ్మా."

రాజమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. పదకొండేళ్ళుగా రోజుకు పదిసార్లు చేత్తో వేసే గడియ. ఫలానా రోజు వేసిందో లేదో ఏ మనిషికి గుర్తుంటుంది?

"ఏసిననే అనుకుంట అమ్మా" అంది.

ఆ "అనుకుంట" ఆమె మెడకు చుట్టుకుంది. మర్నాడు వసుమతి పని మాన్పించింది. వారం తిరగకుండా ధాత్రి, మిగతా రెండిళ్ళ వాళ్ళూ అదే దారి పట్టారు. గేటు తీసి పెట్టి పోయే మనిషిని ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? గల్లీలో మొహం చాటేయకుండా పలకరించిన వాడు ఇస్త్రీ బండి హనుమాండ్లు ఒక్కడే.

పని పోయినందుకు రాజమ్మ అంతగా ఏడవలేదు. పని చేసే చేతులకు ఎక్కడైనా పని దొరుకుతుంది. ఆమెను తినేసింది వేరే సంగతి. గడియ వేయనిది తానేనని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. ఇరవై రోజులు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని ఎర్రమంజిల్ క్వార్టర్ల చుట్టూ, మెట్రో స్తంభాల కింద, చెత్తకుండీల వెంట "కాజూ, కాజూ" అని పిలుస్తూ కాళ్ళరిగేలా తిరిగింది. రోడ్డు మీద ఏ కుక్కను ఏ బండి గుద్దిందన్నా పరుగెత్తుకెళ్ళి చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ కుక్క ఏం తిన్నదోనని గొంతు దిగేది కాదు. ఇదంతా వసుమతికి తెలుసు. హనుమాండ్లు స్వయంగా చెప్పాడు. "తిరగనివ్వు, చేసిన తప్పుకి" అందట.

ఆ తర్వాత అమీర్‌పేటలో ఓ లేడీస్ హాస్టల్లో వంటపని దొరికింది. యజమానురాలు మంజూష వంటింటి వెనక గది ఇచ్చింది. గది ముందు గిన్నెలు కడిగే చిన్న పెరడు. నలభై మంది ఆడపిల్లలు, అందరూ ఏదో ఒక కంప్యూటర్ కోర్సుకు వచ్చినవాళ్ళే. వాళ్ళలో మానస అనే కరీంనగర్ పిల్లకు కుక్కలంటే పిచ్చి. టిఫిన్ తింటూ ఫోనులో కుక్కల ఫోటోలు చూడటం, దారిన పోయే వాళ్ళందరికీ చూపించడం ఆ పిల్ల అలవాటు.

నవంబర్‌లో ఒకనాటి పొద్దున రాజమ్మ ఉప్మా వడ్డిస్తుంటే మానస ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది.

"ఆంటీ, గీ ముసలోడిని సూడు. ఎంత పాపం ఉన్నడో. ఎవ్వలు తీస్కపోతలేరంట."

అది లాబ్రడార్ కుక్కలను మాత్రమే చూసుకునే ఒక సంఘం పెట్టిన పోస్టర్. ఉద్యోగాలు చేసుకునే కుర్రవాళ్ళు, ఖాళీ వేళల్లో, వద్దనుకున్న లాబ్రడార్లను తెచ్చి తమ ఇళ్ళలో ఉంచుకుని, కొత్త ఇల్లు వెతికి పెడతారట. ఫోటోలోని కుక్క భుజం మీద రూపాయి బిళ్ళంత బోడి మచ్చ ఉంది. నాలుగేళ్ళ కిందట పోపు నూనె చింది కాలిన మచ్చ. చిందించింది రాజమ్మే. దానికి నెల రోజులు మందు రాసిందీ ఆమే.

"కింద ఏం రాసిండ్రు? జర సదువు."

"పేరు బాద్షా. వయసు ఎనిమిదేండ్లు. కాళ్ళ కీళ్ళ నొప్పి. జూన్ పద్నాలుగు నాడు యజమానులే అప్పజెప్పిండ్రు. కారణం, ఇల్లు మారుతుండ్రు."

రాజమ్మ మళ్ళీ చదివించింది. మూడోసారి కూడా చదివించింది. జూన్ పద్నాలుగు. యజమానులే. కుక్క పేరు కూడా మార్చి చెప్పారు. ఇల్లు మారడం లేదు, గిల్లు మారడం లేదు. గోంగూర కోసం ఆమెను బయటికి పంపి, కుక్కను ఎవరికో అప్పగించి, వచ్చి గేటు తెరిచి పెట్టి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. పాలరాయి కోసం ముసలి కుక్కను వదిలించుకున్నామని చెబితే కేకు తిన్న గల్లీ ఏమంటుంది? అందుకని ఒక పనిమనిషి అడ్డం దొరికింది.

రాజమ్మ గరిటె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళి నిలబడింది. అయిదు నెలలుగా తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి అసలు మనిషి వైపు బయలుదేరాయి. అప్పటికప్పుడు పంజాగుట్ట వెళ్ళి ఆమె జుట్టు పట్టుకుని గల్లీలోకి ఈడ్చాలనిపించింది. కానీ రాజమ్మ వంటమనిషి. ఏది ఎంత సేపు ఉడకాలో తెలిసిన మనిషి. ఒట్టి మాట చెబితే ఎవరు నమ్ముతారు? కుక్కే రావాలి. తన చేతిలో తాడుతో, పట్టపగలు, అందరి కళ్ళ ముందు నడిచి రావాలి. గల్లీ చూడాలి, వసుమతి ముఖం మాడిపోవాలి.

కుక్క మీద ప్రేమ లేదని కాదు. ఉంది. ఆ రోజు మాత్రం పగ ముందు నడిచింది.

మానస చేత ఫోనులోనే దరఖాస్తు పెట్టించింది. సంఘం వాళ్ళ పద్ధతి పెళ్ళిచూపుల కన్నా గట్టిది. ముందు ఫోనులో ప్రశ్నలు, తర్వాత ఇల్లు చూడటం, ఆ తర్వాత కుక్కతో కలపడం, అన్నీ కుదిరితే కాగితం మీద సంతకం. ఒక నియమం మాత్రం రాజమ్మకు అడ్డం వచ్చింది. పాత ఇంటితో సంబంధం ఉన్న ఎవరికీ కుక్కను ఇవ్వరు. చుట్టాలు, పనివాళ్ళు, డ్రైవర్లు, ఎవరికీ. మళ్ళీ అదే గుమ్మంలోకి చేరుతుందని భయం. రాజమ్మ మానస చేతిని గట్టిగా నొక్కింది. మానసకు అప్పటికే కథంతా తెలుసు. ఆ సంగతి ఇద్దరూ దాచిపెట్టారు.

ఆదివారం హరిణి వచ్చింది. సంఘం తరఫున ఇళ్ళు చూసే పిల్ల. ఏదో కంపెనీలో ఉద్యోగం. చేతిలో ఫారం, కాళ్ళకు బూట్లు, మాటలో నెమ్మది.

"రాజమ్మ గారూ, రోజంతా దగ్గర ఎవరుంటారండీ?"

పదకొండేళ్ళు నాలుగిళ్ళలో ఏ ఒక్కరూ ఆమెను గారు అనలేదు.

"నేనే ఉంట బిడ్డా. నా వంట గీడ, నా నిద్ర గీడ. అది నా కండ్ల ముంగట్నే ఉంటది."

హరిణి మంజూషను కలిసి ఒప్పుకోలు రాయించుకుంది. పెరటి గోడ ఎత్తు కొలిచింది. కింద పరిచిన షాబాదు బండల మీద బూటుతో రుద్ది చూసింది. "గరుగ్గా ఉన్నాయి, కాలు జారదు. దానికి ఇవే మంచివి" అని ఫారంలో రాసుకుంది.

వారం తర్వాత కారులో కుక్కను తీసుకొచ్చింది. రాజమ్మ రెండు రోజులుగా సాధన చేసింది. కొత్త కుక్కను చూసినట్టు చూడాలి, పేరు పెట్టి పిలవకూడదు, కళ్ళ నీళ్ళు పెట్టుకోకూడదు. కారు తలుపు తీయగానే కాజూ ముక్కు ఎగరేసి గాలి పీల్చింది. ఆపైన ఆ అరిగిన కాళ్ళతో దూకి, రాజమ్మ పొట్టకు తల గుద్ది, కూనలా మూలుగుతూ ఆమె చీర కుచ్చెళ్ళ మీదే తడిపేసింది.

హరిణి విస్తుపోయింది. "ఇంతవరకు మూడిళ్ళు మారింది. ఎవరి దగ్గరికీ ఇలా వెళ్ళలేదు. మీకు ముందే తెలుసా ఇది?"

"వంట జేసేదాన్ని బిడ్డా" అంది రాజమ్మ, తల వంచి తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ. "నా బట్టలు సుత కూర వాసనే. ఏ కుక్కయినా గిట్లనే జేస్తది."

హరిణి ఆమె కళ్ళలోకి కాసేపు చూసింది. ఏం అర్థమైందో, ఏం కాలేదో, ఫారం తిప్పి సంతకం పెట్టమంది. సంతకానికి ముందు మానస ఆ కాగితాన్ని తెలుగులో మూడుసార్లు చదివి వినిపించింది. కుక్కను కట్టేయకూడదు. అమ్మకూడదు. మొదటి రెండు వారాలు దూరం తిప్పకూడదు. కుక్కను ఎవరు అప్పగించారో తెలిసినా ఎవరికీ చెప్పకూడదు, వాళ్ళ ఇంట్లోకి వెళ్ళకూడదు. తప్పితే కుక్కను తిరిగి తీసేసుకుంటారు.

రాజమ్మ సంతకం పెట్టింది. చెప్పకూడదన్నారు, అంతే కదా. గల్లీ రోడ్డు ఎవరి ఇల్లూ కాదు.

రెండు వారాలు ఓపిక పట్టింది. కాజూకు చికెన్ ముక్కలు ఉడికించి పెట్టింది, కాళ్ళకు నూనె మర్దన చేసింది. ఉల్లిపాయలు తరుగుతూ తను అనబోయే మాటలు సాధన చేసింది. కోపంతో ఒక్క మాట ఎక్కువ జారితే కుక్క పోతుంది. అందుకని ఎన్నో మాటల్ని ఏరి పారేసి, నాలుగు మాటలు ఉంచుకుంది.

డిసెంబర్‌లో ఒక ఆదివారం, పొద్దున ఏడున్నర. అందరూ ఇంటి పట్టున ఉండే రోజు. ఉతికిన చీర కట్టుకుని, ఆటోలో కాజూను ఎక్కించుకుని, గల్లీ మొదట్లో దిగింది. మొదట చూసింది హనుమాండ్లు. ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉంచి నోరు తెరిచాడు.

"గిది కాజూ గాదా?"

రాజమ్మ ముందుకు నడిచింది. తలలు బయటికి వచ్చాయి. చేతిలో పాల ప్యాకెట్లతో ధాత్రి ఎదురైంది. "అయ్యో, కాజూ దొరికిందా? ఎక్కడ దొరికింది రాజమ్మా?"

"దొరకలేదమ్మా. నాకిచ్చిండ్రు. దిక్కులేని కుక్కలను సూస్కునే పిల్లలు ఇచ్చిండ్రు."

"వాళ్ళకెవరిచ్చారు?"

"గది జెప్పరాదు. చెప్పనని సంతకం పెట్టిన." రాజమ్మ ఫోను తీసి, మానస పంపిన పోస్టర్ చూపించింది. "గిది లోకమంత సూసిందే. నాకు సదువు రాదు, మీరే సదువుకోండ్రి."

ధాత్రి పైకే చదివింది. జూన్ పద్నాలుగు దగ్గర ఆమె గొంతు సన్నబడింది. యజమానులే అన్న చోట ఆగిపోయింది. పక్కన నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఫోను చేతులు మారింది. రాజమ్మ ఇంకొక్క మాట కూడా అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. సంతకం పెట్టిన ఆ కాగితం ఆమె నోరు మూయించడానికి రాసింది. ఆ మూసిన నోరే ఈ రోజు వసుమతిని అందరి ముందు నిలబెట్టింది.

గోల విని వసుమతి గేటు బయటికి వచ్చింది. పూజ చేసుకుని వచ్చిందేమో, నుదుట కుంకుమ తడిగా ఉంది. రాజమ్మ అయిదు నెలల దుఃఖం, నెల రోజుల పగ ఆ ముఖం మీదే నిలిపి చూసింది. ఈ క్షణం కోసమే బతికింది. ఆ ముఖం పాలిపోవడం చూసి ఆమె కడుపు నిజంగానే చల్లబడింది.

అప్పుడు తాడు చేతిలోంచి జారిపోయింది.

కాజూ గల్లీ చివరి దాకా కుంటుతూ పరుగెత్తింది. ఒకసారి పడింది, లేచింది. వెళ్ళి వసుమతి కాళ్ళకు చుట్టుకుంది. ఒళ్ళంతా తోకలా ఊగుతోంది. ఆమె పాదాలు నాకింది, చీర అంచు నాకింది, ఆ పాదాల మీదే తల ఆనించి పడుకుంది. తనను వదిలించుకున్న మనిషి అని దానికి తెలియదు. చాలా రోజులకు కనిపించింది, అంతే.

వసుమతి చెయ్యి సగం దాకా కిందికి వంగింది. గల్లీ అంతా చూస్తోందని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"ఇది మా కాజూ కాదు" అంది. "లాబ్‌లన్నీ ఇలాగే ఉంటాయి."

హనుమాండ్లు బండి దగ్గర నుంచే "కాజూ" అని పిలిచాడు. కుక్క తల తిప్పి చూసి, ఒకసారి తోక ఆడించి, మళ్ళీ ఆ పాదాల మీదే తల పెట్టుకుంది. వసుమతి కాలు వెనక్కి లాక్కుంది. కుక్క గడ్డం నేలకు తగిలింది.

"ఏంటి వసుమతి గారూ ఇది" అంది ధాత్రి. వసుమతి లోపలికి వెళ్ళి గేటు మూసేసుకుంది.

అయిపోయింది. రాజమ్మ గెలిచింది. ఇరవై అడుగుల్లో పది మంది సాక్షులు. ధాత్రి దగ్గరికి వచ్చి, కళ్ళు దించుకుని, "తప్పయిపోయింది రాజమ్మా. రేపటి నుంచి మా ఇంటికి వస్తావా?" అని అడిగింది.

"మీ గేటుకు గడియ మంచిగున్నదా అమ్మా?" అంది రాజమ్మ. ధాత్రి పాల ప్యాకెట్లు పట్టుకుని వెళ్ళిపోయింది.

తల ఎత్తుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, కుక్కను నడిపించుకుంటూ గల్లీ దాటిపోవాలని రాజమ్మ అనుకుంది. ఎన్నిసార్లు ఊహించుకుందో ఆ నడక. కానీ కాజూ లేవలేదు. మూసిన గేటు సందులో ముక్కు పెట్టి లోపలికి వాసన చూస్తూ, సన్నగా మూలుగుతూ పడుకుంది. తాడు లాగితే మెడ మాత్రమే కదిలింది. ముప్పై కిలోల కుక్కను ఎత్తడం ఆమె వల్ల కాదు. పైన కిటికీలో తెర కదిలింది గానీ ఎవరూ బయటికి రాలేదు.

గల్లీ జనం ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. ఆదివారం టిఫిన్ల వేళ. రాజమ్మ ఉతికిన చీరతోనే రోడ్డు మీద, కుక్క పక్కన చతికిలబడింది. దాని వీపు మీద చెయ్యి వేసింది. పరుగెత్తిన దాని వెనక కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. వసుమతిని అందరి ముందు అబద్ధంలో పట్టించాలనే ఆమె వచ్చింది. పట్టించింది. కాజూ కాదన్న మాట గల్లీతో పాటు ఈ కుక్క కూడా విన్నది. దానికి మాటలు తెలియకపోవచ్చు, కాలు లాక్కోవడం తెలుస్తుంది. ఒకసారి వసుమతి వదిలించుకుంది. రెండోసారి వదిలించుకునేటట్టు తెచ్చి నిలబెట్టింది రాజమ్మే.

"తియ్యరు బిడ్డా" అంది. "ఎంతసేపు సూసినా తియ్యరు."

గంటకు పైగా అలాగే కూర్చున్నారు. ఎండ గోడ దిగి వాళ్ళ మీదికి వచ్చాక కాజూ తనంతట తనే లేచింది. హనుమాండ్లు ఆటో పిలిచాడు.

ప్రతి ఆదివారం రావాలన్నది రాజమ్మ ముందు వేసుకున్న లెక్క. మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు. పొద్దున్నే కాజూను యూసుఫ్‌గూడ వైపు తిప్పుతుంది, పంజాగుట్ట గాలి కూడా తగలనివ్వదు. వసుమతిని క్షమించిందనుకునేరు. లేదు. ఆ పేరు వినబడితే ఇప్పటికీ పళ్ళు నూరుతుంది.

మొన్న హనుమాండ్లు ఫోను చేశాడు. ఆదివారం వస్తే చాలు, చివరింటి వాళ్ళు పొద్దున్నే తలుపులు, కిటికీలు మూసేసుకుని కూర్చుంటున్నారట. వసుమతి రెండుసార్లు బండి దగ్గరికి వచ్చి, "ఆ మనిషి ఈ వారం వస్తుందా?" అని మెల్లగా అడిగిందట.

"ఏం జెప్పమంటవు?" అన్నాడు.

రాజమ్మ కాళ్ళ దగ్గర పడుకున్న కాజూ వీపు నిమిరింది.

"నేనింక రానని మాత్రం జెప్పకు అన్నా" అంది.